ఆ దుంగలు తిప్పకండి

అడవుల్లో ఫోటోలు తీసే తెలుగు నేచర్ ఫోటోగ్రాఫర్లకు, వానాకాలం మాక్రో టూర్లు (చిన్న ప్రాణుల్ని బాగా దగ్గర నుంచి ఫోటో తీసే యాత్రలు) నడిపేవారికి, వన్యప్రాణి ఫోటో పోటీల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు, అటవీ శాఖ అధికారులకు

నమస్కారం.

ఫోటో కోసం అడవిలో పడిపోయిన దుంగల్ని తిప్పకండి, వాటి కింద బతికే గెలాక్సీ కప్పల్ని పట్టుకోకండి అన్నదే ఈ లేఖ. ఈ మాటలు నేను కొత్తగా అంటున్నవి కావు. ఇవే మాటలు ముందు ఫోటోగ్రఫీ గ్రూపుల్లో రాశాను. అసూయతో రాస్తున్నానన్నారు. ఒక టూర్ నిర్వాహకుడికి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఒక పోటీ నిర్వాహకులకు రాస్తే "మీ సూచనను పరిశీలిస్తాం" అని ఒక్క వాక్యం వచ్చింది. మరుసటి ఏడాది నియమాలు చూస్తే అక్షరం మారలేదు. విడివిడిగా అడిగితే వినేవారు లేరు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. మీ పని మీద నాకు గౌరవం ఉంది. నేనూ మాక్రో లెన్స్ పట్టుకుని వానలో తిరిగేవాడినే.

విషయం గెలాక్సీ కప్పది. శాస్త్రీయ నామం మెలనోబాట్రాకస్ ఇండికస్. 1878లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ సైన్యాధికారి దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే, దగ్గరి చుట్టమంటూ ఇంకోటి లేదు. పశ్చిమ కనుమల దక్షిణ భాగంలో, కేరళ తమిళనాడు సరిహద్దు కొండల్లోని కొద్దిపాటి అడవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా దొరకదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతుల్లో ఉంది. వేలికొస మీద పట్టేంత ప్రాణి. నల్లని ఒంటి నిండా లేత నీలి చుక్కలు, తొడల దగ్గర ఎర్రటి నారింజ మచ్చ. చూసినవాడు మరిచిపోలేని అందం. దాని కష్టమంతా ఆ అందంతోనే వచ్చింది.

2020లో పరిశోధకులు కేరళలోని ఒక అడవిలో పడిపోయిన దుంగల కింద ఈ కప్పల్ని ఏడింటిని చూశారు. ఇంత అరుదైన జాతికి ఏడు అంటే చిన్న సంఖ్య కాదు. కరోనా ఆంక్షలు సడలాక మళ్లీ వెళ్లేసరికి దుంగలు తిరగబడి ఉన్నాయి, కొన్ని విరిగి ఉన్నాయి, చుట్టుపక్కల మొక్కలు తొక్కుడుకు నలిగిపోయాయి. కప్పలు లేవు. తర్వాత ఎన్నిసార్లు వెతికినా అక్కడ ఒక్కటీ కనబడలేదు. ఏం జరిగిందని అక్కడి ట్రాకర్‌ను (అడవిలో దారి చూపే స్థానికుడిని) అడిగితే, ఫోటోగ్రాఫర్లు గుంపులుగా వచ్చి దుంగలన్నీ తిప్పారని, కప్పల్ని చేత్తో పట్టుకుని ఫోటోకు అందంగా ఉండే చోట పెట్టారని, ఆ తంతులో రెండు చచ్చిపోయాయని చెప్పాడు. పరిశోధకులు ఈ సంగతిని వ్యాసంగా ప్రచురించారు, 2025 చివర్లో అంతర్జాతీయ పత్రికల్లోనూ వచ్చింది. ఆ చోటు పేరు నేను కావాలనే రాయడం లేదు.

వచ్చినవారు ఏ రాష్ట్రంవారో నాకు తెలియదు. మనవాళ్లేనని నేననను. కానీ హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి ఏటా వానాకాలం కనుమలకు వెళ్లే గుంపులు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. "గ్యారంటీ సైటింగ్" అని పోస్టర్లు వేసేవారూ మనలో ఉన్నారు. దుంగ కింద దాగే కప్పను గ్యారంటీగా చూపించాలంటే దుంగ తిప్పక తప్పదు. ఆ హామీ ఇచ్చిన రోజే సగం తప్పు జరిగిపోయింది.

దుంగ తిప్పితే ఏమవుతుందని అడిగేవారికి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది.

కొండ అడవిలో ఒక పెద్ద చెట్టు పడ్డాక అది మెత్తబడి నేలకు అతుక్కుపోవడానికి ఏళ్లు పడుతుంది. కింది చెక్క నానుతుంది. తెల్లటి బూజు దారాలు చెక్కలోంచి మట్టిలోకి పాకి రెంటినీ కలిపి కుట్టేస్తాయి. ఆ సందుల్లో చెదలు, రోకలిబండలు, వానపాములు, పేరు తెలియని చిన్న చిన్న పురుగులు కాపురముంటాయి. పైన వారం రోజులు వాన లేకున్నా కింద తడి ఆరదు, పగలు ఎంత కాసినా ఆ చీకట్లో చల్లదనం తగ్గదు. కప్ప బతికేది ఆ తడి మీద. అది నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంతవరకు చర్మం నుంచే. చర్మం ఆరితే దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఇద్దరు మనుషులు వచ్చి ఆ దుంగను పెళ్లగించారనుకోండి. బూజు దారాలు పటపటా తెగుతాయి. నానిన చెక్క పెచ్చులుగా ఊడుతుంది. కింద ఉన్నవన్నీ వెలుగులో పడి తలోదిక్కూ పరుగెడతాయి. కొన్ని అక్కడే నలుగుతాయి. ఫోటో అయ్యాక "ఎలా ఉన్నది అలాగే పెట్టేశాం" అంటారు. ఆ మాటను చాలామంది నిజాయితీగానే అంటారు, నేను నమ్ముతాను. కానీ అది ఎన్నటికీ అలాగే కూర్చోదు. గిన్నె మీద వంకరగా పెట్టిన మూతలాగా ఏదో ఒక పక్క సందు ఉండిపోతుంది, అందులోంచి తడి పోతుంది. మళ్లీ ఆ నేలకు ఆ దుంగ అతుక్కోవడానికి ఎన్ని వానాకాలాలు కావాలి? ఈలోగా రెండో గుంపు వస్తుంది, ఆ తర్వాత మూడోది.

ఇక చేత్తో పట్టుకోవడం. మన వేళ్ల మీద ఉప్పు ఉంటుంది. దోమల మందు, సన్‌స్క్రీన్, శానిటైజర్ కూడా. నీళ్లను పీల్చే చర్మం వీటినీ పీలుస్తుంది. పెద్ద కప్ప కాసేపు తట్టుకుంటుందేమో, వేలికొసంత ప్రాణి ఎంత తట్టుకుంటుంది? దాన్ని పాచి పట్టిన రాయి మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా లైట్లు పెట్టి, దూకినప్పుడల్లా పట్టుకొచ్చి, ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా తీస్తుంటే ఆ కాసేపట్లో దాని ఒళ్లు ఎంత ఆరుతుందో మీరే ఊహించండి. డబ్బాల్లో వేసుకుని బసకు తెచ్చి తీరిగ్గా తీసే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉందని టూర్లకు వెళ్లొచ్చినవారే చెబుతున్నారు.

న్యాయనిర్ణేతలు గమనించాల్సింది ఒకటుంది. గెలాక్సీ కప్ప పట్టపగలు పచ్చటి పాచి మీదెక్కి, ముఖం కెమెరా వైపు తిప్పి కూర్చునే రకం కాదు. అలాంటి ఫోటో మీ ముందుకు వస్తే అక్కడికి దాన్ని ఎవరో తెచ్చి పెట్టి ఉంటారని మొదటగా అనుమానించాలి. ఆ ఫోటోకు బహుమతి ఇస్తే వచ్చే ఏడాది అలాంటివే మరికొన్ని వస్తాయి.

రోగం సంగతి కూడా చెప్పాలి. కైట్రిడ్ అనే ఫంగస్ కప్పల చర్మాన్ని పట్టి చంపుతుంది. 2019లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్క ప్రకారం ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులు దీనివల్ల తగ్గిపోయాయి, వాటిలో 90 పూర్తిగా అంతరించాయి. పశ్చిమ కనుమల కప్పల మీద కూడా ఈ ఫంగస్ ఆనవాళ్లు దొరికాయి. మూకుమ్మడి చావులు ఇక్కడ నమోదు కాలేదు, అది మన అదృష్టం. కానీ ఈ ఫంగస్ తడి బూట్లకు, బురదకు అంటుకుని ఒక వాగు నుంచి ఇంకో వాగుకు పోగలదు. ఒకే టూరులో మూడు నాలుగు కొండలు తిరుగుతూ, బూట్లు కడగకుండా, ఒక కప్పను వదిలి అదే చేత్తో ఇంకో కప్పను పట్టుకుంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక కప్ప పోతే మనుషులకేం నష్టమని చాలాసార్లు అడిగారు. దానికి అతిశయోక్తి లేకుండా జవాబిస్తాను. 1987లో మన దేశం కప్పకాళ్ల ఎగుమతిని ఆపేసింది. కప్పలు పోతే పొలాల్లో పురుగు పెరుగుతుందన్న ఆందోళన అందుకు ఒక కారణం. ఆ వాదన గెలాక్సీ కప్పకు వర్తించదు. ఇది పొలాల కప్ప కాదు, ఏ రైతు పంటనూ ఇది కాపాడుతోందని నేను చెప్పను. కానీ దాని పేరుతో జరుగుతున్న పని వల్ల నష్టపోయే మనుషులు ఉన్నారు.

1. అడవి వాచర్లు, ట్రాకర్లు. వీరిలో చాలామంది ఆ కొండల ఆదివాసులే. కారు దిగిన అతిథిని "సార్, దుంగ ముట్టకండి" అని ఆపే బలం రోజుకూలీ మీద పనిచేసేవాడికి ఎక్కడుంది? వచ్చినవాళ్లు పెద్దలతో ఫోన్ చేయిస్తారు. రేపు ఏదైనా బయటపడితే సంజాయిషీ అడిగేది మాత్రం అతన్నే. మనం ఫోటో తీసుకుని వెళ్లిపోతాం, అతను అక్కడే ఉండాలి.

2. పరిశోధక విద్యార్థులు. ఒక్కో అనుమతి కోసం నెలల తరబడి తిరిగి, జీతం రాని రోజుల్లో జలగల మధ్య పనిచేసి, ఏళ్ల తరబడి ఒకే చోటును గమనిస్తే తప్ప ఈ కప్ప ఏం తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఎంతకాలం బతుకుతుంది అన్నవి తేలవు. ఆ చోటు ఒక్క సీజన్‌లో చెదిరిపోతే ఆ శ్రమంతా గంగపాలు. ఆ జాతిని కాపాడే ప్రణాళిక రాయడానికి ఆధారాలే ఉండవు.

3. జీపు డ్రైవర్లు, హోంస్టేలు నడుపుకునే కుటుంబాలు, మామూలు సందర్శకులు. ఇలాంటివి రెండు మూడు బయటపడితే అటవీ శాఖ చేసే మొదటి పని గేటు మూసేయడం. తప్పు చేసినవాళ్లు ఇంకో కొండకు పోతారు. ఆ గేటు మీద ఆధారపడి బతికేవాళ్లు ఎక్కడికీ పోలేరు. పిల్లలకు అడవి చూపించాలనుకున్న టీచరమ్మకూ దారి మూసుకుపోతుంది.

4. కింద ఊళ్లవాళ్లు. కొండవాలు మీద కుళ్లే దుంగలు, ఆకుల మెత్త వాన నీటిని పీల్చుకుని నిదానంగా వదులుతాయి. పెరియార్, వైగై లాంటి నదులకు నీళ్లందించేది ఇలాంటి కొండలే. ఒక ఫోటోగ్రాఫర్ల గుంపు తొక్కితే నది ఎండిపోదు. కానీ ఆ నేల విలువేమిటో మిగతావాళ్లకు చెప్పాల్సిన మనమే దాన్ని తొక్కేస్తే ఎస్టేటు యజమానికి, రోడ్డు కాంట్రాక్టరుకు ఏ ముఖంతో చెబుతాం?

ఈ చివరి మాట దగ్గర ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ కప్పకు అసలు పెద్ద దెబ్బ తగిలింది ఫోటోల వల్ల కాదు. టీ, కాఫీ, యాలకుల తోటల కోసం నూట యాభై ఏళ్లుగా అడవి కొట్టేశారు. మిగిలిన ముక్కల మధ్య రోడ్లు వచ్చాయి, రిసార్టులు వచ్చాయి. వానల తీరు మారుతోంది. 2023లో వెలువడిన ప్రపంచ అంచనా ప్రకారం ఉభయచరాల్లో 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయి. ఇంకే వెన్నెముక జీవుల వర్గానికీ ఇంత ముప్పు లేదు. అయితే తోటల చరిత్రను మనం వెనక్కి తిప్పలేం. దుంగను ముట్టకుండా ఉండటం మాత్రం ఈ క్షణం నుంచే మన చేతిలో ఉంది. అన్ని దెబ్బలూ తిని మిగిలిన ఆ కొద్ది చోటుకు వెళ్లి దెబ్బ కొడుతున్నది దాన్ని ప్రేమిస్తున్నామని చెప్పుకునేవాళ్లు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

రెండు అభ్యంతరాలు తరచూ వింటుంటాను. "పరిశోధకులు మాత్రం దుంగలు తిప్పరా?" తిప్పుతారు. అనుమతి తీసుకుని, తక్కువ మంది, ఒక ప్రశ్నకు జవాబు కోసం, రాసి పెట్టుకుంటూ తిప్పుతారు. వాళ్లూ ఎంత తక్కువ తిప్పితే అంత మంచిది. అది వారం వారం వచ్చే టూర్లకు లైసెన్సు కాదు. "ఫోటోల వల్లే కదా జనానికి ఈ కప్ప తెలిసింది?" నిజమే, మొదటి ఫోటోలు ఆ మేలు చేశాయి. ఇప్పుడు మంచి ఫోటోలు చాలానే ఉన్నాయి. వాటి సరసన మీ పేరుతో ఇంకోటి చేరితే లోకానికి కొత్తగా తెలిసేదేమీ లేదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యాలకు సెక్షన్ 29, నేషనల్ పార్కులకు సెక్షన్ 35(6) ఉన్నాయి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా అడవి జంతువు ఆవాసాన్ని పాడుచేయడం ఈ రెండింటి కిందా నేరం. ఫోటోలు తీసుకోవడానికి ఇచ్చిన ప్రవేశ అనుమతి దుంగలు తిప్పడానికి అనుమతి కాదు.

కాబట్టి ఈ కింది వాటిని మిమ్మల్ని కోరుతున్నాను. కోరడం దగ్గరే ఆగను, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

ఫోటోగ్రాఫర్లకు:

1. దుంగ, రాయి, బెరడు, ఆకుల మెత్త, వేటినీ కదిలించకండి. కప్ప తనంతట తాను బయటికి వస్తే తీయండి, రాకపోతే తీయకుండానే తిరిగి రండి.

2. ఏ కప్పనూ పట్టుకోకండి, చోటు మార్చకండి. గ్లవ్స్ వేసుకున్నాం కదా అన్నది సమాధానం కాదు.

3. ఒక కొండ నుంచి ఇంకో కొండకు వెళ్లేముందు బూట్లు, ట్రైపాడ్ కాళ్లు బురద పోయేలా కడిగి, క్రిమిసంహారకంతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ నీళ్లు వాగులోకి పోకుండా చూడండి.

4. ఫోటో పెట్టేటప్పుడు జీపీఎస్ సమాచారం తీసేయండి. క్యాప్షన్‌లో ఊరు పేరు, వాగు పేరు వద్దు, "పశ్చిమ కనుమలు" అంటే చాలు. ఇందులో మన అనుభవమే మనకుంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికి 1899లో శాస్త్రలోకానికి తెలిసిన నీలి సాలీడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో వంద చదరపు కిలోమీటర్ల లోపు మేరలోనే మిగిలింది. అలాంటి దాన్ని విదేశాల్లో పెంపుడు సాలీడుగా అమ్ముకుంటున్నారు. చోటు తెలిస్తే కెమెరాతో వచ్చేవాడే కాదు, డబ్బాతో వచ్చేవాడూ వస్తాడు.

టూర్ నిర్వాహకులకు:

5. "గ్యారంటీ సైటింగ్" అన్న మాటను పోస్టర్ల నుంచి ఈ సీజన్‌కే తీసేయండి. దుంగల కింద, రాళ్ల కింద బతికే జాతుల బొమ్మలతో టూర్లు అమ్మకండి.

6. మీ నియమాలు రాతపూర్వకంగా ప్రకటించండి. ఎవరైనా అతిక్రమిస్తే మిగతా రోజులకు అడవిలోకి రానివ్వబోమని, డబ్బు వెనక్కి ఇవ్వబోమని ముందే చెప్పండి. మీతో వచ్చే స్థానిక ట్రాకర్‌కు ఎవరినైనా ఆపే అధికారం ఉందని అతని ముందే అందరికీ చెప్పండి.

పోటీల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు:

7. కప్పలు, పాములు, సాలీళ్ల ఫోటోలకు అసలు ఫైలుతోపాటు దాన్ని ఎలా, ఎక్కడ కనిపించినప్పుడు తీశారో ప్రకటన తీసుకోండి. చోటు వివరం మీ దగ్గరే గోప్యంగా ఉంచండి. అనుమానం వస్తే ఆ జాతి తెలిసిన పరిశోధకుడిని అడగండి. పట్టుకుని తీసినదని తేలితే పాత బహుమతి అయినా వెనక్కి తీసుకోండి, ఆ సంగతి బయటికి చెప్పండి.

అటవీ శాఖ అధికారులకు (ఈ భాగాన్ని కేరళ అటవీ శాఖకు ఇంగ్లిష్‌లో విడిగా పంపుతున్నాను):

8. ఫోటోగ్రఫీ అనుమతి పత్రం మీదే "దుంగలు, రాళ్లు కదిలించరాదు, జీవుల్ని ముట్టరాదు" అన్న షరతు అచ్చు వేయండి. రక్షిత ప్రాంతాల బయట ఉన్న రిజర్వు అడవుల్లోనూ అదే షరతు పెట్టండి.

9. ఈ కప్ప ఉన్నట్టు తెలిసిన చోట్లకు గుంపుల్ని పంపకండి. ఆ చోట్లను ఏడాది పొడవునా గమనించే పనికి స్థానిక ఆదివాసీ యువకులనే తీసుకుని, నెలనెలా సక్రమంగా జీతమివ్వండి.

10. సిఫారసు ఫోన్ వచ్చినా సరే, వాచర్ రాసిన ఫిర్యాదును నమోదు చేయాలని లిఖిత ఆదేశం ఇవ్వండి. దానిపై ఏం చర్య తీసుకున్నారో ఏడాదికోసారి ప్రకటించండి.

జూన్ వానలకు ముందు, ఏప్రిల్ నుంచే టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. ఆ లోపు టూర్ నిర్వాహకులు, పోటీ సంస్థలు తమ నియమాలు ప్రకటించాలని అడుగుతున్నాను. ప్రకటించిన ప్రతి సంస్థ పేరు నేనే నలుగురికీ చెబుతాను, వారితోనే వెళ్లమని స్నేహితులకు సిఫారసు చేస్తాను. నియమాలు రాయడంలో సాయం కావాలంటే పని చేయడానికి నేను, నాతోపాటు మరికొందరు మిత్రులు సిద్ధంగా ఉన్నాం. కాదనుకునేవారు కూడా ఎందుకు కాదో బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
కొండ అడవుల్లో తిరిగే ఒక మాక్రో ఫోటోగ్రాఫర్